తడిగుడ్డలో పది

పట్నంబజారులో షట్టర్లు సగమే లేచాయి.
ఆ సందులోంచి ఓ కుర్రాడి కాళ్లు,
నీళ్లు చల్లుతున్న చప్పుడు.
నా ముందు పదకొండు జతల చెప్పులు.
మనుషులు నీడకెళ్లారు, చెప్పులు వరసలో నిలబడ్డాయి.
పన్నెండో జత నాది,
పదమూడోది మస్తాన్‌బీది.
మా పక్క చెక్క కౌలు తనదే.

"పాసుబుక్కు జిరాక్సు?"
పొలం నాది కాదు బాబూ, కౌలు కార్డుంది.
దాని మీది ఫోటోలో నేను ఎవరో వేరే ఆవిడలా ఉంటాను.
ఫోటోనీ నన్నూ మార్చి మార్చి చూసి
"ఆ రకం అయిపోయిందమ్మా" అన్నాడు.

ఈ బజారులో 'అయిపోయింది' అంటే
సందు చివర, గోదాం మెట్ల దగ్గర ఉందని.
మూడొందలెక్కువ.
బిల్లు అడక్కూడదు.

పది గ్రాముల పొట్లం.
అరచేతిలో పెడితే ఈగ వాలినంత కూడా తెలీదు.
మొన్న బ్యాంకులో నా దిద్దులు తూచినప్పుడు
ఎర్రంకెలు ఇంచుమించు ఇంతే చూపించాయి,
రాళ్ల బరువు తీసేశాక ఇంకాస్త తక్కువ.
దిద్దులకి రశీదిచ్చారు.
గింజలకి ఇవ్వనంటున్నాడు.

నిరుడు తోట నడుం దాకా లేచింది.
దారిన పోయేవాళ్లు ఆగి
దిష్టి తీయించమని చెప్పి మరీ వెళ్లారు.
పూత రాలింది, కాయ లేదు.
ఆఫీసరొచ్చి ఆకు తిప్పి చూసి
"బిల్లుందా?" అన్నాడు.
పొట్లం చూపించాను.
లాట్ నంబరు నా చెమటకే చెరిగిపోయింది.
ఆ ఖాళీ పొట్లం ఇప్పటికీ
పెట్టెలో రేషన్ కార్డు కిందుంది.
ఎందుకని మా ఆయన అడగడు.

అందుకే మెట్లు దిగొచ్చేశాను.
నాలుగు కొట్లు తిరిగితే ఐదో కొట్లో దొరికింది,
అనుకున్న రకం కాదు, దాని చెల్లెలంట.
వజ్రమ్మ అని చెబితే బిల్లు మీద 'వరమ్మ' అని రాశాడు.
కొత్త బిల్లు రాసేదాకా కౌంటరు వదల్లేదు.
దిద్దులు పోయినా పేరు దిద్దించుకునే వచ్చాను.

ఎరువు బస్తా ఒంటరిగా రాదు,
తోడు పెళ్లికూతురిలా ఓ సీసా వెంటొస్తుంది.
దాని ఖర్చూ మనదే.
ఒకే బస్తా కొని, నేనూ మస్తాన్‌బీ
మా వసారాలో గ్లాసుతో పంచుకున్నాం.
చివర అరగ్లాసు మిగిలింది.
నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అని
అనుకున్నామని చెప్పను.
ఇద్దరం దానివంకే చూశాం.

మినుముకైతే ఏ కొట్టుకీ వెళ్లక్కర్లేదు.
నూనె డబ్బాలో బూడిద కలిపి, పైన వేపాకు పరిచి ఉంది.
మా అత్త కాకుమానులో చుట్టాలింటికెళ్లి
తిరిగొస్తూ కొంగున కట్టుకొచ్చిన గింజ.
దానికి లాట్ నంబరు లేదు, మొలవని ఏడూ లేదు.
కానీ మినుము మీద కౌలు తీరదు.
మిరప తీరుస్తుంది,
లేదా ముంచుతుంది.
ఈసారి రెండెకరాల్లో అరెకరం మినుముకిచ్చాను.
ఆ అరెకరం ధైర్యమో భయమో
నాకే సరిగా తెలీదు.

ఇంటికొచ్చి పొట్లం కొన కత్తిరించి
పది గింజలు లెక్కపెట్టాను.
పాత జాకెట్టు చేతిముక్క తడిపి, మూటగట్టి,
పొయ్యి వెచ్చన తగిలేచోట పెట్టాను.

ఏడో పొద్దున విప్పితే
ఏడు తెల్లటి తోకలు.
మూడు నోరు విప్పలేదు.
వందకి అరవై మొలిస్తే చాలని పొట్లం మీదే అచ్చేశారు.
తక్కిన నలభైకి డబ్బెందుకు తీసుకున్నారో
అచ్చెయ్యలేదు.

ఏడింటినీ చిల్లు బకెట్లో మట్టి పోసి గుచ్చాను.
ఆ మూడింటినీ పారెయ్యలేక
మళ్లీ తడిపి మూట కడుతుంటే
గోడమీదనుంచి మస్తాన్‌బీ అంది:
"ఇంకో రెండ్రోజులు గడువా అక్కా?
నీకు బ్యాంకోడైనా ఇస్తాడా అట్టా?"